పెళ్లి క్యాసెట్టు, పాత ల్యాప్‌టాప్, ఎనిమిది అక్షరాల గుర్తు

పసుపు కొనేవాడు బస్తా మీది ముద్ర చూసి ధర చెప్పడు. లోపల చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి విరుస్తాడు. విరిగినచోట రంగు ఎలా ఉంది, ఎంత ఎండింది అన్నది చూశాకే మాట బయటికి వస్తుంది. ఆర్మూర్‌ను ఆనుకుని, 44, 63 జాతీయ రహదారులు కలిసే పెర్కిట్‌లో ఇది ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. అదే ఊళ్లో పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ తెలివిని పక్కన పెట్టేస్తాం. మూత మీద కంపెనీ పేరు, అడుగున అతికించిన మోడల్ పేరు చూసి ఆ పేర్లతోనే డ్రైవర్‌ను, అంటే లోపలి పరికరాన్ని నడిపే ప్రోగ్రాంను వెతుకుతాం. దొరకదు. దొరికినా ఎక్కదు. చివరికి ‘ఇక ఇది పనికిరాదు’ అని పక్కన పడేస్తాం. చాలాసార్లు యంత్రంలో లోపం ఉండదు, వెతికిన తీరులో ఉంటుంది. డ్రైవర్‌ను వెతకాల్సింది బయటి పేరుతో కాదు, లోపలి చిప్ చెప్పే నంబరుతో. పాత ల్యాప్‌టాప్ పక్కన ఉండే కార్డు స్లాట్ విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ స్లాట్‌తో ఎవరికి పని అంటారా? పెళ్లి వీడియోలు దాచుకున్న ప్రతి ఇంటికీ పని ఉంది. 2000 తర్వాత దాదాపు పదేళ్లపాటు మన ఊళ్లలో ఎన్నో పెళ్లిళ్లను మినీ డీవీ అనే చిన్న క్యాసెట్ల మీదే తీశారు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎక్కువ. పెళ్లికి రాలేకపోయిన అన్న కోసం, తర్వాత చూసుకోబోయే పిల్లల కోసం ఇళ్లల్లో దాచిపెట్టిన వస్తువుల్లో ఈ క్యాసెట్లకు తప్పక చోటుండేది. ‘సీడీ ఉంది కదా, క్యాసెట్టుతో పనేముంది’ అనొచ్చు. అప్పట్లో ఇచ్చిన వీసీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. క్యాసెట్టు మీదున్న అసలు బొమ్మ 720 వెడల్పు, 576 ఎత్తు. అంటే నాలుగు రెట్లు. తాతయ్య ముఖం సీడీలో ఒక మసక మచ్చ, క్యాసెట్టులో తాతయ్యే. ఆ అసలు బొమ్మను చెక్కుచెదరకుండా కంప్యూటర్‌లోకి తేవాలంటే కెమెరాకు ఫైర్‌వైర్ అనే తీగ కావాలి. సోనీ కెమెరాల మీద దీన్నే ఐ లింక్ అని రాసేవారు. చాలా మోడళ్లలో యూఎస్‌బీ రంధ్రం ఫొటోలకో, నాసిరకం వీడియోకో తప్ప దీనికి పనికిరాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఫైర్‌వైర్ లేదు. ఒక చివర ఫైర్‌వైర్, మరో చివర యూఎస్‌బీ ఉన్న చవక తీగలు అమ్ముతారు గానీ, ఈ రెండూ మాట్లాడే భాషలే వేరు. మధ్యలో తర్జుమా చేసే చిప్ లేనిదే ఉత్త తీగ ఆ పని చెయ్యలేదు. మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్, దాని పక్కనున్న స్లాట్, అందులో దూర్చే ఫైర్‌వైర్ కార్డు ఇప్పటికీ చేస్తాయి. ధర్మకాంటల దగ్గర కూడా ఇదే కథ: తూకం చూపే యంత్రం సీరియల్ పోర్టు ద్వారా లెక్క పంపుతుంది, ఆ పోర్టు లేని ల్యాప్‌టాప్‌కు దాన్ని ఇచ్చేది ఇలాంటి కార్డే.

ముందు ఆ స్లాట్ ఏదో తేల్చుకోవాలి. పాతది పీసీఎంసీఐఏ. అది 1989లో ఏర్పడిన ఒక సంఘం పేరు. వాళ్లు రూపొందించిన కార్డుకు పీసీ కార్డు అని పేరు, అంచున 68 రంధ్రాలు, వెడల్పు 54 మిల్లీమీటర్లు. 1995లో ఇదే ఆకారంలో వేగం పెంచి కార్డ్‌బస్ తెచ్చారు. 2003లో ఎక్స్‌ప్రెస్‌కార్డు వచ్చింది. అది 34 మిల్లీమీటర్ల వెడల్పులో ఒకటి, 54లో ఒకటి. పాత కార్డు కొత్త స్లాట్‌లో పట్టదు, కొత్తది పాతదాంట్లో పనిచెయ్యదు. కొనేముందు స్కేలు పెట్టి కొలిచి, కార్డు అంచున రంధ్రాల వరుస ఉందో, లోహపు పట్టీలు ఉన్నాయో చూసుకుంటే డబ్బు మిగులుతుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ‘స్లాట్‌కు డ్రైవర్ లేదు’ అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, స్లాట్‌ను నడిపే చిప్. రెండోది, స్లాట్‌లో దూర్చిన కార్డు. వాకిలి తలుపు వేరు, ఆ తలుపులోంచి వచ్చిన చుట్టం వేరు. కార్డ్‌బస్ స్లాట్ వెనక ఒక బ్రిడ్జి చిప్ ఉంటుంది. రికో, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఓటూమైక్రో లాంటి కొద్ది కంపెనీలే వాటిని ఎక్కువగా చేశాయి. మూతమీద ఏ పేరున్నా లోపల ఇవే. పైగా ఈ చిప్‌లన్నీ దాదాపు ఒకే ప్రమాణాన్ని పాటించాయి కాబట్టి వాటిని నడిపే డ్రైవర్ విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7లలో ముందే ఉంది. విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో అయితే యెంటా అనే ఒక్క డ్రైవర్ వాటిలో చాలావాటిని చూసుకుంటుంది. ఎక్స్‌ప్రెస్‌కార్డు సంగతి ఇంకా సులువు. దానికి మధ్యవర్తి చిప్పే లేదు. ల్యాప్‌టాప్ లోపలి పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి, యూఎస్‌బీ దారి నేరుగా స్లాట్ దాకా వస్తాయి. కాబట్టి ‘ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాట్ డ్రైవర్’ అంటూ రోజంతా వెతికేవాళ్లు లేనిదాన్ని వెతుకుతున్నారు. వాళ్లకు కావాల్సింది మదర్‌బోర్డు చిప్‌సెట్ డ్రైవరో, కార్డు డ్రైవరో అయ్యుంటుంది. అదేదో చెప్పగలిగింది నంబరే.

ఆ నంబరు దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో పసుపు రంగు గుర్తుతో కనిపించే పరికరాన్ని తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ అన్న వరుస ఎంచుకుంటే చాలు. వెన్ అన్న మాట పక్కన నాలుగు అక్షరాలు, డెవ్ అన్న మాట పక్కన మరో నాలుగు. మొదటిది చిప్ చేసిన కంపెనీ గుర్తు, రెండోది ఆ కంపెనీ చేసిన ఫలానా చిప్ గుర్తు. కంపెనీ గుర్తులను పీసీఐ ప్రమాణాల సంఘం కేటాయిస్తుంది. ఒకరిది ఇంకొకరికి రాదు. ఇంటెల్ తన గుర్తుగా 8086 తీసుకుంది, 1978 నాటి తన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరే అది. వెన్ 1180 అంటే రికో. దాని పక్కన డెవ్ 0476 ఉంటే కార్డ్‌బస్ బ్రిడ్జి, 0832 ఉంటే ఫైర్‌వైర్, 0822 ఉంటే ఎస్‌డీ కార్డు రీడర్. ఒకే చిప్ ఇలా రెండు మూడు పరికరాలుగా కనిపించడం మామూలే. అందుకే ‘స్లాట్‌కు డ్రైవర్ లేదు’ అని బెంగపడినప్పుడు, నిజానికి డ్రైవర్ లేనిది పక్కనున్న ఎస్‌డీ రీడర్‌కు కావచ్చు. స్లాట్ బాగానే పనిచేస్తూ ఉండవచ్చు. మోడల్ పేరుతో వెతికేవారికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. గుర్తు చూసినవారికి నిమిషంలో తెలుస్తుంది.

ఆ పసుపు గుర్తు పక్కన కనిపించే కోడ్ కూడా చదవదగ్గదే. 28 అంటే డ్రైవర్ లేదు. 10 అంటే డ్రైవర్ ఉంది, పరికరం మొదలవలేదు. 12 అంటే పరికరానికి కావాల్సిన చోటు కంప్యూటర్ దగ్గర మిగల్లేదు. 52 అంటే డ్రైవర్ మీద ఉండాల్సిన సంతకం సరిపోలేదు. 28 కానప్పుడు కోడ్ చదవకుండానే కొత్త డ్రైవర్ కోసం పరుగెత్తడం తొందరపాటే. 12 వచ్చినప్పుడు ఎన్ని డ్రైవర్లు మార్చినా లాభం లేదు, బయోస్‌లో వాడని పరికరాలను ఆపేస్తే కొన్నిసార్లు దారికొస్తుంది.

నంబరుతోనే వెతకాలన్న మాటకు ఒక గట్టి అభ్యంతరం ఉంది: నంబరు సరిపోయినా డ్రైవర్ ఎక్కని సందర్భాలు లేవా? ఉన్నాయి. వెన్, డెవ్‌ల తర్వాత సబ్‌సిస్ అని ఇంకో వరుస ఉంటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ తన సొంత గుర్తును అందులో వేస్తుంది. డ్రైవర్‌తో వచ్చే ఐఎన్‌ఎఫ్ ఫైలులో ఆ సొంత గుర్తు ఉన్న యంత్రాలను మాత్రమే రాసి ఉంటే, అదే చిప్ ఉన్న వేరే ల్యాప్‌టాప్‌కు అది ఎక్కదు. అంటే మోడల్ పేరుకు కొంత విలువ ఉందని ఒప్పుకోవాలి. కానీ అప్పుడు కూడా మనకు దారి చూపేది నంబరే. ఐఎన్‌ఎఫ్ మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే ఫైలు. మన నంబరు అందులో ఉందో లేదో ఎక్కించకముందే చదివి చూసుకోవచ్చు. ఇక 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌కు పనికిరాదు. విస్టా కాలం నుంచి 64 బిట్ విండోస్ సంతకం లేని డ్రైవర్లను తిప్పికొడుతుంది. ఈ రెండు గోడలను నంబరు దాటించలేదు. గోడ ఎక్కడుందో చూపిస్తుంది, అంతే.

ఫైర్‌వైర్ కార్డు విషయానికే తిరిగి వస్తే, ఇక్కడ ఇంకో మేలు ఉంది. చవక కార్డులలో తరచూ కనిపించే వయా కంపెనీ చిప్ గుర్తు 1106, 3044. అయితే ఫైర్‌వైర్ చిప్‌లన్నీ దాదాపుగా ఓహెచ్‌సీఐ అనే ఒకే ప్రమాణం మీద నడుస్తాయి కాబట్టి వాటికి కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు. విండోస్ తనంతట తానే గుర్తుపడుతుంది. డబ్బాలో సీడీ లేదని కార్డును తిరిగి ఇచ్చేయాల్సిన పని లేదు. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ కొత్త డ్రైవర్ తెచ్చింది. దానితో కొన్ని కార్డులూ కెమెరాలూ తగవు పడితే, జాబితాలోంచి చివర లెగసీ అని ఉన్న పాత డ్రైవర్‌ను ఎంచుకోవచ్చు. తర్వాతి విండోస్‌లలో ఆ పాతదాన్ని తీసేశారు, జనం ఇబ్బంది చూసి మళ్లీ విడిగా ఇచ్చారు. లినక్స్‌లో ఈ బాధ తక్కువ. కార్డు దూర్చగానే డ్రైవర్ పలుకుతుంది, డీవీగ్రాబ్ అనే చిన్న ప్రోగ్రాం క్యాసెట్టును కాపీ చేస్తుంది. లినక్స్ మనకు రాదనేవారికి ఒక మాట: పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు, ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఇంగ్లిష్ భయం ఉన్నవారి కోసం హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని ఏళ్లుగా చేస్తోంది. 32 బిట్ ప్రాసెసర్ మాత్రమే ఉన్న మరీ పాత యంత్రమైతే 2023లో వచ్చిన డెబియన్ 12 అనే లినక్స్ తీసుకోవాలి. 2025లో వచ్చిన 13లో 32 బిట్ యంత్రాల కోసం ఇన్‌స్టాలర్ లేదు.

భద్రత గురించి అడిగేవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. అలాంటి యంత్రంలో బ్యాంకు లావాదేవీలు చెయ్యడం ప్రమాదమే. కానీ క్యాసెట్టు కాపీ చెయ్యడానికీ, ధర్మకాంట లెక్క తీసుకోవడానికీ ఇంటర్నెట్ ఎందుకు? వైఫై ఆపేసి ఆ ఒక్క పనికే ఉంచితే సరిపోతుంది. నిజమైన ప్రమాదం డ్రైవర్ వెతికే దారిలోనే ఉంది. ‘మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో’ అంటూ ఆశపెట్టే ప్రోగ్రాంలు ఏం తెచ్చి పెడతాయో తెలియదు. నంబరు చేతిలో ఉంటే వాటి గడప తొక్కే పని లేదు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో ఆ నంబరునే టైప్ చేసి అసలు ఫైలు తెచ్చుకోవచ్చు.

అయితే నంబరు తెలిసినా ఫైలే మాయమైపోతే? ఇది ఊహ కాదు. పాత పద్ధతి సంతకంతో ఉన్న ఫైళ్లను 2020 ఆగస్టు 3న మైక్రోసాఫ్ట్ తన డౌన్‌లోడ్ కేంద్రం నుంచి తీసేసింది. తమ పాత డ్రైవర్లనూ బయోస్ ఫైళ్లనూ తొలగించిన చిప్ కంపెనీలూ ఉన్నాయి. భద్రత దృష్ట్యా అన్నారు, అందులో నిజం లేకపోలేదు. కానీ డబ్బు తీసుకుని యంత్రాన్ని అమ్మి, కొన్ని మెగాబైట్ల ఫైలు దగ్గర చేతులెత్తేయడం ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమే. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ ఏడాది చివర్లో ఒక పోర్టల్ కూడా తెరిచింది. మొదట ఎంచుకున్న రంగాల్లో ట్రాక్టర్ల వంటి వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు ఉన్నాయి. ట్రాక్టరుకు బేరింగు ఎలాగో ల్యాప్‌టాప్‌కు డ్రైవర్ అలాగే. దాన్ని విడిభాగంగా లెక్కగట్టి, అమ్మకం ఆగాక కూడా అందుబాటులో ఉంచమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ‘ఎల్లకాలం ఎవరు మోస్తారు’ అంటే, మొయ్యమని కాదు, చెరిపెయ్యొద్దనే. అది జరిగేలోగా మనం చెయ్యగలిగింది, పనిచేస్తున్న డ్రైవర్ల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, చిప్ నంబర్లను కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ అడుగున అతికించడం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి మోసుకెళ్లినా, నిజామాబాద్‌లోనే చూపించినా, ఆ కాగితం ఉంటే మెకానిక్ పని సగం అయిపోయినట్టే.

వ్యవధి కూడా ఎక్కువ లేదు. ఆపిల్ 2025లో తన మ్యాక్ ఓఎస్ 26 నుంచి ఫైర్‌వైర్‌ను తీసేసింది. లినక్స్‌లో ఆ డ్రైవర్లను చూసుకుంటున్న వ్యక్తి 2029 వరకు కొనసాగించాలని లెక్కవేసుకున్నారు. కార్డులు పాత సరుకుగానే దొరుకుతున్నాయి. క్యాసెట్టు మీది అయస్కాంత పూత ఏటేటా బలహీనపడుతుంది. డీవీ క్యాసెట్టు వేగంగా కాపీ కాదు, గంట క్యాసెట్టుకు గంట పడుతుంది, 13 జీబీ చోటు తింటుంది. నాలుగు క్యాసెట్ల పెళ్లి అయితే నాలుగు గంటలు, 52 జీబీ. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎలాగూ నిలవదు గనుక కరెంటు పోని వేళ చూసుకుని మొదలుపెట్టాలి.