కిందికి దించిన పికప్, వెనుక బరువైన ట్రైలర్

పుదుచ్చేరిలోని తేంగాయ్‌తిట్టు చేపల రేవు నుంచి ఒక ఫైబర్ పడవను ట్రైలర్ మీద ఈస్ట్ కోస్ట్ రోడ్డులో చెన్నై వైపు తీసుకెళ్లాలనుకుందాం. లాగేది స్ప్రింగులు మార్చి, అందం కోసం కిందికి దించిన పికప్. గరిమనాభి కిందికి దిగితే మలుపుల్లో బండి ఒరగడం తగ్గే మాట నిజమే. అందుకే ట్రైలర్‌నూ నిలకడగా లాగుతుందని చాలామంది అనుకుంటారు.

లెక్క చూద్దాం. ట్రైలర్, పడవ కలిపి 1,500 కిలోలు. అందులో 10 నుంచి 15 శాతం పికప్ కొక్కెం మీద పడాలి. 10 శాతమంటే 150 కిలోలు. కొక్కెం వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనక ఉండి, రెండు ఇరుసుల మధ్య 3 మీటర్ల దూరం ఉంటే, వెనుక ఇరుసు మీద అదనంగా పడేది 150 కాదు, 210 కిలోలు! మిగతా 60 కిలోలూ ముందు చక్రాల మీద తగ్గినవే. అంటే బండిని తిప్పే చక్రాలకే రోడ్డు మీద పట్టు సడలుతుంది.

దించిన బండిలో స్ప్రింగు కదలడానికి చోటు ముందే తక్కువ. ఈ బరువుకు ఇరుసు రబ్బరు స్టాపర్‌కు తగులుతుంది. ఆపై ప్రతి గతుకూ నేరుగా ఛాసిస్‌కే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు. మన వీధుల్లో ఆ కొలత పాటించేవి ఎన్నో మీకే తెలుసు.

పడవకు ఇంకో చిక్కుంది. ఇంజన్ తోక వైపు ఉంటుంది కాబట్టి కొక్కెం మీద బరువు తగ్గిపోయి, ట్రైలర్ పక్కలకు ఊగుతుంది. తక్కువ వేగంలో ఆ ఊగు దానంతటదే సద్దుమణుగుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. అప్పుడు వేగం పెంచి సరిచేయబోవడం ప్రమాదం. స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదలాలి. ట్రైలర్‌కు వేరే బ్రేకులుంటే వాటినే వేయాలి.

పడవను ట్రైలర్ మీద కాస్త ముందుకు జరపడం, ట్రైలర్ నేలకు సమాంతరంగా నిలిచేలా కొక్కెం ఎత్తు పెంచడం మేలు. గాలి స్ప్రింగులు కుంగుబాటును దాచగలవేగానీ ముందు చక్రాలకు బరువును తిరిగివ్వలేవు, కంపెనీ పెట్టిన పరిమితినీ పెంచలేవు. పైగా తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. 2019లో సుప్రీంకోర్టూ అదే స్పష్టం చేసింది.

బయల్దేరే ముందు వేబ్రిడ్జి మీద పికప్ ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి, ట్రైలర్ తగిలించక ముందొకసారి, తగిలించాక ఒకసారి తూచండి. ఎన్ని కిలోలు తగ్గాయో చీటీలో కనిపిస్తుంది.