షుగర్‌ మానేశా.. తీపి మానలేదు!

రోజుకి ఎన్ని టీలు తాగుతారు? ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేనైతే పెట్టలేదు, ఉద్యోగంలో చేరే ముందు మెడికల్‌ టెస్టులకి వెళ్లేదాకా.

బీటెక్‌ అయ్యాక ఏడాదిపాటు అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉన్నా. పొద్దున కోచింగ్‌, మధ్యాహ్నం ప్రాక్టీస్‌, రాత్రి కోడింగ్‌ టెస్టులు. ఆరు చాయ్‌లు ఈజీగా పడేవి. ఎట్టకేలకు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు చేసిన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.9 అని తేలింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్‌ అంటారు. డాక్టర్‌ గారు కాగితం చూసి, ‘ఇంట్లో ఎవరికైనా షుగర్‌ ఉందా బాబూ?’ అని అడిగారు. నాన్నకి ఉంది. ఉద్యోగానికి అదేమీ అడ్డు రాలేదు. కానీ వయసు 23, అప్పుడే ఈ ప్రశ్నా అనిపించింది.

రూమ్‌కొచ్చి లెక్కేశా. చెంచా చక్కెర దాదాపు 4 గ్రాములు. కప్పుకి రెండు చెంచాల చొప్పున ఆరు కప్పులకి 48 గ్రాములు. పెద్దవాళ్లు రోజుకి సుమారు 50 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 25కి తగ్గిస్తే ఇంకా మంచిదంటోంది. అంటే నా కోటా మొత్తం టీ కొట్టు దగ్గరే అయిపోతోందన్నమాట. రాత్రిళ్లు తాగే కూల్‌డ్రింక్‌ ఈ లెక్కలో లేదు. అందులో 100 మి.లీ.కి 10 గ్రాముల చక్కెర ఉంటుంది.

మర్నాడే మెడికల్‌ షాపులో స్వీటెనర్‌ మాత్రల డబ్బా కొన్నా. జేబులో పెట్టుకుని టీ కొట్టుకి వెళ్లాక కానీ అసలు సంగతి గుర్తురాలేదు. అక్కడ చక్కెర ముందే వేసి మరిగిస్తారు! ‘అన్నా, చక్కెర లేకుండా ఒకటి’ అంటే, టీ మాస్టర్‌ నన్ను ఎగాదిగా చూసి ‘ఈ వయసులనే షుగరొచ్చిందా తమ్మీ?’ అన్నాడు. పక్కనున్న నలుగురూ తిరిగి చూశారు. మీకూ ఇది ఎదురవుతుంది, పట్టించుకోకండి. రెండో రోజు నుంచి అడక్కుండానే విడిగా కాచి ఇచ్చేవాడు.

కూల్‌డ్రింక్‌ బదులు ‘జీరో’ రకం మొదలుపెట్టా. ఇక్కడే దెబ్బ తిన్నా. చక్కెర మిగిల్చాను కదా అని సాయంత్రం మిర్చిబజ్జీ ప్లేటు ఒకటి ఎక్స్‌ట్రా. షుగర్‌ ఫ్రీ అని రాసుంది కదా అని బిస్కెట్లు ప్యాకెట్‌కి ప్యాకెట్‌. ఆ బిస్కెట్లో మైదా, నూనె ఎక్కడికీ పోలేదని ఆలోచించలేదు. మూడు నెలలకి రెండు కిలోలు పెరిగా. రాత్రి పదకొండింటికి జీరో కోలా తాగి నిద్ర పట్టక దొర్లడం బోనస్‌. జీరో అన్నది చక్కెరకే, కెఫీన్‌కి కాదు. పొద్దున్నే ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు.

అసలు ఈ పదార్థాలు పుట్టిన తీరే తమాషాగా ఉంటుంది. 1879లో ఫాల్‌బర్గ్‌ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌ నుంచి వచ్చి చేతులు సరిగా కడుక్కోకుండా తింటే రొట్టె తియ్యగా తగిలింది. అదే శాకరిన్‌. 1965లో ష్లాటర్‌ కాగితం తీయడానికి వేలు నాకితే ఆస్పర్టేమ్‌ బయటపడింది. 1976లో లండన్‌లో చదువుకుంటున్న మన భారతీయ విద్యార్థి శశికాంత్‌ ఫడ్నీస్‌ కథ ఇంకా బాగుంటుంది. ఒక పదార్థాన్ని ‘టెస్ట్‌’ చెయ్యమంటే ‘టేస్ట్‌’ చెయ్యమన్నారనుకుని నాలుక మీద వేసుకున్నాడట. అలా దొరికిందే సుక్రలోజ్‌. చక్కెర కన్నా దాదాపు 600 రెట్లు తీపి. (మీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో మాత్రం ఈ ప్రయోగాలు వద్దు.)

ఇన్ని రెట్ల తీపి కాబట్టి రవ్వంత చాలు, అందుకే కేలరీలు లెక్కలోకి రావు. కానీ చక్కెర చేసే పనులన్నీ ఇవి చేయలేవు. ఓ పండక్కి అమ్మ నాన్న కోసం పాయసంలో ఆస్పర్టేమ్‌ మాత్రలు వేసి బాగా మరిగించింది. తినేటప్పటికి తీపే లేదు. ఎక్కువసేపు మరిగితే ఆస్పర్టేమ్‌ విడిపోతుంది. దించాక కలపాలి. సుక్రలోజ్‌ వేడికి కాస్త ఆగుతుంది కానీ, దాంతోనైనా అరిసెల పాకం మాత్రం రాదు. ‘అయితే బెల్లం వేస్తే పోలా’ అంది అమ్మ. బెల్లంలోనూ ఎక్కువ భాగం ఉండేది ఆ చక్కెరే. షుగర్‌ ఉన్నవాళ్లకి అది దారి కాదు.

ఇక క్యాన్సర్‌ భయం. 2023 జులైలో ఆస్పర్టేమ్‌ని ‘క్యాన్సర్‌ కారకం కావచ్చు’ అనే 2బి జాబితాలో చేర్చారు. కలబంద ఆకు సారం కూడా ఆ జాబితాలోనే ఉంది. ఆధారాలు పరిమితంగా ఉన్నాయని దానర్థం. అదే సమయంలో మరో నిపుణుల కమిటీ, కిలో శరీర బరువుకి రోజుకి 40 మి.గ్రా. అన్న పాత పరిమితిని మార్చలేదు. 70 కిలోల మనిషి అది దాటాలంటే రోజుకి 9 నుంచి 14 డైట్‌ డ్రింక్‌ క్యాన్లు తాగాలి. ఈ వార్త ఫ్యామిలీ గ్రూపులో చూసి నాన్న మాత్రలు పారేసి, మళ్లీ చక్కెర టీ మొదలుపెట్టారు. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే. ఆయనకున్న ప్రమాదం ఆ చక్కెరతోనే కదా! ఫీనైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆస్పర్టేమ్‌ ముట్టకూడదు. ప్యాకెట్‌ మీద ఆ హెచ్చరిక ఉంటుంది.

దానికి రెండు నెలల ముందు, మేలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట చెప్పింది. బరువు తగ్గడానికి ఇలాంటి స్వీటెనర్లని నమ్ముకోవద్దని. ఇప్పటికే డయాబెటిస్‌ ఉన్నవాళ్లకి ఈ సూచన వర్తించదని కూడా స్పష్టంగా రాసింది. జనం ఈ రెండో వాక్యం చదవరు. నాన్నకీ నాకూ తేడా అక్కడే. ఆయనకి ఆ మాత్ర అవసరం, డాక్టర్‌ గారే వాడమన్నారు. నాకది సాకు అయిపోయింది. నాలుక అడిగే తీపి అంతే ఉంది, పేరు మారిందంతే.

అందుకే డబ్బా పక్కన పెట్టి, చక్కెరకే తిరిగొచ్చా, తగ్గించుకుంటూ. రెండు చెంచాల నుంచి ఒకటిన్నర. రెండు వారాలు చప్పగా అనిపించింది, తర్వాత అలవాటైంది. మళ్లీ ఒకటి. ఆ తర్వాత అర. మధ్యలో పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లయితే తొందరపడొద్దు, నెలకో అర చెంచా తగ్గినా నష్టం లేదు. ఆరు టీలు మూడయ్యాయి, సాయంత్రం నడక చేరింది. ఏడాది తర్వాత టెస్టులో 5.5. అందులో చక్కెర వాటా ఎంతో, నడక వాటా ఎంతో చెప్పలేను.

ఇప్పుడు ఊరెళితే మూడు కప్పులు మూడు రకాలు. నాన్న కప్పులో ఒక మాత్ర, నా కప్పులో అర చెంచా. అమ్మ మాత్రం ‘నాకేం రోగంలే’ అంటూ రెండు చెంచాలు నిండుగా వేసుకుంటుంది. ఆవిడ ఇంతవరకూ ఒక్కసారి కూడా టెస్ట్‌ చేయించుకోలేదు. దసరా సెలవుల్లో తీసుకెళ్లాలి.