గిడ్డంగి గణితమును, లోపపు సరుకును

వర్తకునకు భయములు రెండు: సరుకు చాలదేమో యన్నది యొకటి, మిగిలిపోవునేమో యన్నది రెండవది. ఈ రెంటి నడుమ ఒక్కమారునకు ఎంత సరుకు తెప్పించుట మేలన్న ప్రశ్నకు 1913లో ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అను అమెరికా యింజనీరు ఒక సూత్రము ప్రకటించెను. ఏడాది గిరాకిని ఆర్డరొక్కింటి ఖర్చుచే గుణించి, రెట్టించి, ఒక వస్తువును ఏడాదిపాటు నిల్వయుంచుటకగు ఖర్చుచే భాగించి, వర్గమూలము గైకొనవలెను.

ఏడాదికి 1200 విద్యుద్దీపములు అమ్ముడగు దుకాణమున, రవాణాతో గూడ ఆర్డరునకు 100 రూపాయలును, వడ్డీ, అద్దెలతో దీపమొక్కింటి నిల్వకు 6 రూపాయలును అగుచున్నవనుకొందము. సూత్రము 200 దీపములని చెప్పును. ఆర్డర్లు ఆరు, వాని ఖర్చు 600, నిల్వ ఖర్చును 600. అట్లుగాక 240 చొప్పున ఐదుమారులే తెప్పించినచో మొత్తము 1220 రూపాయలగును. అనగా ఇరువది రూపాయల అధిక వ్యయముతో లారీ ప్రయాణమొకటి తప్పినది! వ్యయరేఖ యడుగు పళ్ళెమువలె చదునుగా నుండుటయే యిందులకు కారణము. లాభమునకు పెద్దగా భంగము లేకయే డీజిలు పొగను తగ్గించుటకు హారిస్ సూత్రమున ఇంత చోటున్నదని వర్తకులలో పెక్కుమంది యెఱుగరు. పాలకును కూరగాయలకును మాత్రమీ యుపాయము పనికిరాదు. అక్కడ అధికముగా తెప్పించినది కుళ్ళిపోవును.

అయితే యీ సూత్రము వచ్చిన ప్రతి వస్తువును నిర్దోషమేయని నమ్ముచున్నది. ఆ నమ్మకమును విడిచి, వచ్చిన సరుకునంతను పరీక్షించి, లోపముగలవానిని ఒక్కమారుగా చౌకధరకు అమ్మివేయుదురను నూతన గణితమును 2000లో సలామే, జబర్ అను పరిశోధకులు రచించిరి. లోపముల పాలు పెరిగినకొలది ఒక్కొక్క ఆర్డరు పెరుగవలెనని వారి లెక్కలో తేలినది. ఏలయన, లోపపు సరుకు త్వరగా గిడ్డంగి వీడును గావున నిల్వభారము తగ్గును. గణితమున తప్పులేదు. కాని ఆ చౌకసరుకు తుదకు ఏ చెత్తకుప్పకు చేరునో సూత్రమునకు పట్టదు.

నూటికి నాలుగు దీపములు వెలుగనిచో, 1200 మంచి దీపములకై 1250 తెప్పించవలసివచ్చును. ఆ యేబదింటికిని గాజు కరిగినది, లోహము కరిగినది, లారీ నడచినది. వానిని తిప్పి పంపినచో మరియొక ప్రయాణము. పాదరసముగల దీపములైనచో చెత్తలో పారవేయుటయు ప్రమాదమే. ఫ్రాన్సులో 2020 నాటి చట్టము, అమ్ముడుపోని ఆహారేతర వస్తువులను ధ్వంసము చేయరాదని శాసించినది. సమంజసమైన శాసనమే గాని, అది కథ ముగిసిన పిమ్మట వచ్చు తీర్పు వంటిది. ఇంతకన్న మేలైన మార్గమును జపానులో సాకిచి టొయోడా 1924 నాటి మగ్గము చూపినది: దారము తెగినంతనే అది తనంతట తానే యాగిపోయెడిది, కావున లోపపు గుడ్డ నేయబడకయే యుండెడిది. టొయోటా మోటారు కర్మాగారములు తరువాతి కాలమున అనుసరించిన నియమమునకు మూలమిదియే.

చిల్లర వర్తకుడు కర్మాగారము నాపలేడు. కాని డ్యామేజీ సరుకునకు ఖాతాపుస్తకమున వేఱొక పుట కేటాయించి, ఏ కంపెనీనుండి ఏ నెలలో ఎన్ని లోపములు వచ్చెనో వ్రాసియుంచగలడు. తరువాతి ఆర్డరు పెట్టుటకు ముందు ఆ పుటను సరఫరాదారుని యెదుట తెఱచి చూపుడు.