ఉద్యోగి సాధికారత - ప్రయోజనాలు, పరిమితులు: గ్రామ సచివాలయ వ్యవస్థ పరిశీలన

ఉపోద్ఘాతం:

అధికారంతో కూడి ఉండటమే సాధికారత. పనిని అప్పగించడం వేరు, ఆ పనికి అవసరమైన నిర్ణయాధికారాన్ని ఇవ్వడం వేరు. ఈ భేదాన్ని ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయ వ్యవస్థ ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ప్రయోజనాలు:

2019 అక్టోబరు 2న ప్రారంభమైన ఈ వ్యవస్థలో సుమారు 2000 జనాభాకు ఒక సచివాలయం ఏర్పడింది. పంచాయతీ కార్యదర్శి, సర్వేయరు, వ్యవసాయ, ఇంజనీరింగ్, డిజిటల్ సహాయకులు ఒకే కప్పు కిందికి వచ్చారు. తీరంలోని వాకాడు వంటి ప్రాంతాల్లో మత్స్య సహాయకుల పాత్ర కీలకం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ కాలపు భృతికి అర్హులను గుర్తించాలంటే ఏ పడవపై ఎవరు వేటకు వెళ్తున్నారో తెలియాలి. ఆ ఎరుక జిల్లా కార్యాలయంలో కంటే ఊరిలోని ఉద్యోగికే ఎక్కువ. అతని మాటకు విలువనిస్తే నిర్ణయం త్వరగా, సరిగా జరుగుతుంది. ఉద్యోగికి తన పనిపై మమకారమూ పెరుగుతుంది.

పరిమితులు:

ఆచరణలో సంక్షేమ పథకాల అర్హతను విద్యుత్ వినియోగం, నాలుగు చక్రాల వాహనం, ఆదాయపు పన్ను వంటి ఆన్‌లైన్ వివరాలు నిర్ణయించాయి. జాబితాలో పేరు లేని వ్యక్తి నిలదీసేది ఎదుట ఉన్న సహాయకుణ్ణే. ఆ పేరును చేర్చే అధికారం మాత్రం అతనికి లేదు. పైగా ఒకవైపు మాతృశాఖకు, మరొకవైపు సచివాలయానికి జవాబు చెప్పుకోవాలి.

అధికారం ఇవ్వడంలోనూ చిక్కు ఉంది. సచివాలయ పర్యవేక్షణను గ్రామ రెవెన్యూ అధికారులకు అప్పగిస్తూ 2021లో వెలువడిన ఉత్తర్వు సర్పంచుల అధికారాలకు భంగకరమన్న వాదనతో హైకోర్టుకు చేరింది. న్యాయస్థానం దాని అమలును నిలిపివేసింది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ స్థానిక స్వపరిపాలనను పంచాయతీలకు ఉద్దేశించింది. ప్రజాప్రతినిధిని పక్కనపెట్టి ఉద్యోగిని బలపరిస్తే అది సాధికారత కాదు, అధికార బదిలీ.

ముగింపు:

నిర్ణయాధికారం లేని బాధ్యత ఉద్యోగికి భారం. జవాబుదారీతనం లేని అధికారం ప్రజలకు భారం. కాబట్టి ఉద్యోగి స్వయంగా నిర్ణయించగల అంశాలేవో, పైఅధికారికి నివేదించవలసినవేవో, గ్రామసభ ఆమోదం పొందవలసినవేవో ముందుగానే లిఖితపూర్వకంగా నిర్దేశించాలి. ఆ హద్దులు స్పష్టమైనప్పుడే సాధికారత అన్న పదం సార్థకమవుతుంది.