ఎఫెక్టు పెట్టడం తేలికే.. ఎందుకో చెప్పగలరా?

గేమ్ డిజైన్ వైపు వెళ్లాలని ఉందా? ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేదని వెనకాడుతున్నారా? ఎస్.ఆర్. నగర్ హాస్టల్ గదిలో మామూలు ల్యాప్‌టాప్‌తోనే మొదలుపెట్టొచ్చు. 1993లో వచ్చిన ‘డూమ్’ గేముకు సొంతంగా ఒక మ్యాప్ తయారుచేయండి!

అమీర్‌పేట, మైత్రివనం చుట్టూ కోర్సుల బోర్డులకు కొదవలేదు. కానీ గేమ్ స్టూడియో ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు అడిగేది ‘ఏం చేశారో చూపించండి’ అనే. డూమ్ సోర్స్ కోడ్ 1997లోనే బయటికొచ్చింది. అల్టిమేట్ డూమ్ బిల్డర్ అనే ఎడిటర్, ఫ్రీడూమ్ బొమ్మలు, శబ్దాలు ఉచితం. డారియో కసాలీ, మిలో కసాలీ అన్నదమ్ములు సరదాగా మ్యాపులు చేస్తూనే 1996 నాటి ‘ఫైనల్ డూమ్’లో సగభాగం తయారుచేశారు. తర్వాత డారియో వాల్వ్ సంస్థలో చేరి ‘హాఫ్-లైఫ్’కు పనిచేశారు.

ముందు ఇంజిన్ తేల్చుకోండి

మీ మ్యాప్ అసలు డూమ్‌లో నడవాలా, జీజెడ్‌డూమ్ లాంటి కొత్త ఇంజిన్‌లోనా? రంగు లైట్లు, పొగమంచు కొత్తదాంట్లోనే వస్తాయి. సగం పనయ్యాక మనసు మార్చుకుంటే చాలా పని మళ్లీ చేయాల్సి రావొచ్చు.

వెలుతురే మొదటి ఎఫెక్టు

డూమ్‌లో ప్రతి గదికీ 0 నుంచి 255 దాకా వెలుతురు అంకె ఇవ్వొచ్చు. అయితే అసలు ఇంజిన్ దాన్ని 16 మెట్లుగానే చూస్తుంది. 160కి, 170కి తేడా కనిపించదు. అందుకే చిన్న మార్పులతో టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. వరండా 128 పెట్టి, బయటికెళ్లే తలుపు దగ్గర 208 ఇవ్వండి. బాణం గుర్తు లేకుండానే ఆటగాడు అటు నడుస్తాడు.

పొగమంచు ఎక్కడ?

1999 నాటి ‘సైలెంట్ హిల్’లో పొగమంచు రెండు పనులు చేసింది. దూరపు వీధులను గీయాల్సిన భారం ప్లేస్టేషన్‌కు తగ్గించింది, ఆటగాడిలో భయం పెంచింది. డూమ్‌లో దూరం పెరిగేకొద్దీ ఎలాగూ చీకటి కమ్ముతుంది. దాని మీద దట్టమైన పొగ కూడా వేస్తే శత్రువు కనిపించకుండానే ఆటగాడు చచ్చిపోతాడు. అది భయం కాదు, చిరాకు. విశాలమైన ఆవరణలోనే, పల్చగా వాడండి.

మినుకుమనే లైటు

పాడైన ట్యూబ్‌లైటులా వెలిగి ఆరే ఎఫెక్టు డూమ్‌లో సిద్ధంగానే ఉంటుంది. కొత్తవాళ్లు దీన్ని ప్రతి గదిలో పెట్టేస్తారు. అప్పుడు ఏదీ ప్రత్యేకం కాదు. ప్రమాదం ఉన్న ఒక్కచోట ఉంచండి. మెరుపులు కొందరిలో మూర్ఛ తెప్పించగలవు. సెకనుకు మూడు మెరుపులు దాటకూడదన్నది వెబ్‌సైట్లకు ఉన్న ప్రమాణం. మీరూ పాటించండి.

ఇలా సాధన చేయండి

కరెంటు పోయిన హాస్టల్ వరండానే మ్యాప్‌గా తీసుకోండి. మూడు రకాలుగా చేయండి: ఎఫెక్టు లేకుండా, వెలుతురు తేడాలతో, పొగతో. రూమ్మేట్‌కు ఇచ్చి ఆడమనండి. ఆడుతున్నంతసేపు నోరు మెదపొద్దు. ఎక్కడ ఆగాడో, ఎక్కడ దారి తప్పాడో రాసుకోండి. ఏ ఎఫెక్టు తీసేస్తే ఆట ఏమీ మారదో, దాన్ని తీసేయండి.

పోర్ట్‌ఫోలియోలో ఒకే గది ఫొటోలు రెండు పెట్టండి: ఎఫెక్టుకు ముందు, తర్వాత. కింద ‘ఇది ఎందుకు పెట్టాను’ అని రెండు వాక్యాలు రాయండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. డూమ్ మ్యాపులు వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. స్టూడియోల్లో ఎక్కువగా యూనిటీ, అన్‌రియల్ వాడతారు, అవీ నేర్చుకోవాలి. అయితే అక్కడా వెలుతురు, పొగ, మెరుపు ఉంటాయి. బటన్ ఎక్కడుందో వారంలో ఎవరైనా నేర్పుతారు. ఎప్పుడు నొక్కకూడదో మాత్రం మీరు చేసిన మ్యాపులే నేర్పాలి. ఈ సెలవుల్లో ఒక్క గదితో మొదలుపెట్టండి.