సీరియల్ అయిపోయినా కథ ఆగదు: ఫ్యాన్ ఫిక్షన్ అంటే ఏంటి? నవలకీ సీరియల్‌కీ తేడా ఎక్కడ?

రాత్రి పదకొండైంది. ఇంటర్ చదివే మా ఖాలా కూతురు ఫోన్‌లో టకటకా టైప్ చేస్తూనే ఉంది. ఎవరితోనో చాటింగ్ అనుకుని ఖాలా ఫోన్ లాక్కుంది. తీరా చూస్తే చాటింగ్ కాదు, కథ. ఎప్పుడో ఆగిపోయిన ఒక సీరియల్‌కి ఆ పిల్ల సొంతంగా 23 భాగాలు రాసింది. "ఇదేం పిచ్చి బేటా?" అని ఖాలా నన్నడిగింది. ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఒకరు సృష్టించిన పాత్రలతో అభిమానులు సొంతంగా రాసే కథల్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. ఇది కొత్త పిచ్చేం కాదు. అమెరికాలో 'స్టార్ ట్రెక్' సీరియల్ 1966లో మొదలైతే, మరుసటి ఏడాదే అభిమానులు తమ కథలతో 'స్పాకనేలియా' అనే పత్రిక వేసుకున్నారు. ఇప్పుడు ఆ పని వాట్‌ప్యాడ్ లాంటి యాప్‌లలో జరుగుతోంది.

నవలతో కష్టం: భాష

నవలలో పాత్ర మనసులో ఏముందో రచయితే చెప్పేస్తాడు. ముఖం మాత్రం చదివేవాళ్లు ఊహించుకోవాలి. కాబట్టి అభిమాని రాసినప్పుడు ఆ రచయిత శైలి అందుకోవాలి. లేదంటే పాఠకులు రెండో పేజీలోనే పట్టేస్తారు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకి తెలిసిన ఉదాహరణ ఇబ్నె సఫీ. 1955లో ఇమ్రాన్ సిరీస్ మొదలుపెట్టారు. 1960 నుంచి సుమారు మూడేళ్లు జబ్బుపడి రాయలేకపోయారు. ఆ ఖాళీలో వేరేవాళ్లు ఇమ్రాన్ పేరుతో నవలలు రాసి అమ్ముకున్నారు. పాత్ర పేరు తీసుకోవడం తేలికే, ఆ చమత్కారం తేవడమే కష్టం. 1963లో 'డేఢ్ మత్‌వాలే'తో ఆయన తిరిగొస్తే పాఠకులు ఎగబడి కొన్నారు. తర్వాత ముల్తాన్‌కి చెందిన మజ్‌హర్ కలీం కూడా ఇమ్రాన్ నవలలు రాశారు. కానీ తన సొంత పద్ధతిలో రాసి సొంత పాఠకుల్ని తెచ్చుకున్నారు.

సీరియల్‌లో ఖాళీ: మనసు

సీరియల్‌లో ముఖం, గొంతు, బట్టలు అన్నీ ముందే ఉంటాయి. పేరు చెప్పగానే మనిషి కళ్లముందుకొస్తాడు. కానీ మనసులో మాట చాలాసార్లు తెలియదు. ఒక చూపు, వెనక మ్యూజిక్, అంతే. ఆ చూపు వెనక ఏముందో అభిమాని రాస్తాడు.

పైగా రేటింగ్ పడిపోతే కథ మారుతుంది, నటుడు వెళ్లిపోతే ఆగిపోతుంది. 'ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూ' 2011లో మొదలైంది. తెలుగులో 'చూపులు కలిసిన శుభవేళ'గా మనవాళ్లూ చూశారు. హీరో బరుణ్ సోబ్తి తప్పుకోవడంతో 2012లో ముగిసింది. అర్ణవ్, ఖుషీల కథని మాత్రం అభిమానులు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. 'కుబూల్ హై'లో అసద్, జోయాల మీదా అలాగే రాశారు.

రెండూ కలిసిన సందర్భాలూ ఉన్నాయి. ఉమేరా అహ్మద్ నవల 'జిందగీ గుల్జార్ హై' 2012లో డ్రామాగా వచ్చింది. డ్రామా చూశాక నవల చదివితే కషఫ్ అనగానే సనమ్ సయీద్ ముఖమే గుర్తొస్తుంది.

డబ్బు సంగతి

కామర్స్ చదివినోణ్ణి కదా, లెక్క కూడా చెప్పాలి. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం నవల మీద హక్కు రచయిత బతికినంతకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. శరత్ 1938లో చనిపోయారు కాబట్టి 'దేవదాసు' మీద ఇప్పుడు ఎవరైనా రాయొచ్చు, అమ్మొచ్చు. సీరియల్ హక్కు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. ఫ్యాన్ ఫిక్షన్‌కి చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు. ఉచితంగా పంచుకుంటే హక్కుదారులు చాలాసార్లు పట్టించుకోరు. అమ్మితే మాత్రం నోటీసు రావచ్చు.

తల్లిదండ్రులు చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. ఆ సైట్లలో పెద్దలకు మాత్రమే అనే కథలూ ఉంటాయి, రేటింగ్ చూడమని చెప్పండి. పిల్లలు అసలు పేరు, కాలేజీ పేరు పెట్టకుండా చూడండి.

మూడో రోజు ఖాలా ఫోన్ తిరిగిచ్చింది. చేతికి రాగానే ఆ పిల్ల భయంతో 23 భాగాలూ డిలీట్ చేసేసింది. ఇప్పుడు ఖాలానే మళ్లీ రాయమంటోంది, తను రాయనంటోంది. మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే, ఫోన్ లాక్కునే ముందు ఒక్క పేజీ చదివి చూడండి.