నెస్సీ కోసం వెళ్తే నారింజ రంగు పడవ కనిపించింది

గూగుల్‌లో లాక్ నెస్ అని కొట్టి చూడండి. నీళ్లలోంచి పొడవాటి మెడ పైకెత్తిన జంతువు బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటి వస్తుంది. 1934లో డైలీ మెయిల్ పేపర్లో అచ్చయిన ఫొటో అది. బొమ్మ సబ్‌మెరైన్‌కి తల అతికించి తీశారని 1994లో బయటపడింది. అయినా స్కాట్లాండ్‌లోని ఆ సరస్సు దగ్గరికి జనం వెళ్లడం మానలేదు. గ్లాస్గోలో మాస్టర్స్ చేస్తున్నప్పుడు నేనూ వెళ్లాను. ముగ్గురు ఫ్రెండ్స్, బస్సు, ఓ పులిహోర డబ్బా.

నెస్సీ కనపడలేదు, అదేం విశేషం కాదు. విశేషమేంటంటే, డ్రమ్నడ్రాకిట్ అనే చిన్న ఊరి దగ్గర నీళ్ల ఒడ్డున ఓ నారింజ రంగు పడవ. గాలి నింపిన రబ్బరు అంచులు, వెనక రెండు పెద్ద ఇంజిన్లు. టూరిస్టులెవరూ దానివైపు చూడట్లేదు. నేను మాత్రం ఇంటికొచ్చాక దాని గురించే చదువుతూ కూర్చున్నాను.

అది రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ వాళ్ల పడవ. పొట్టిగా ఆర్ఎన్ఎల్ఐ. 1824లో సర్ విలియం హిల్లరీ అనే ఆయన పట్టుబట్టి మొదలుపెట్టించిన సంస్థ. బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో 230కి పైగా స్టేషన్లున్నాయి. లాక్ నెస్‌లో 2008లో పెట్టారు. సముద్రం మీద పనిచేసే సంస్థకి సరస్సులో ఏం పని అని నాకూ అనుమానం వచ్చింది.

మ్యాప్ చూస్తే తెలిసింది. లాక్ నెస్ మన చెరువుల్లా గుండ్రంగా ఉండదు. 37 కిలోమీటర్ల పొడవు, వెడల్పు చూస్తే రెండు కిలోమీటర్లు కూడా లేని చోట్లే ఎక్కువ. అటూ ఇటూ కొండలు. నైరుతి నుంచి గాలి మొదలైందంటే ఆ పొడవంతా అడ్డం లేకుండా దూసుకొస్తుంది, అలలు సముద్రంలోలా లేస్తాయి. లోతు దాదాపు 230 మీటర్లు. నాలుగు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పేర్చినా మునిగిపోతాయి. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నిట్లో ఉన్న నీళ్లు కలిపినా దీనంత కావంటారు. అవతలి ఒడ్డున కొంత భాగంలో నీటి పక్కన రోడ్డే లేదు. అక్కడ ఇరుక్కుంటే అంబులెన్స్ ఎలా వస్తుంది? పడవే రావాలి.

పైగా ఈ సరస్సు కలెడోనియన్ కెనాల్‌లో భాగం. సెలవులకొచ్చినవాళ్లు పడవలు అద్దెకి తీసుకుని సొంతంగా నడుపుకుంటూ ఇటే వస్తారు. కొందరు చిన్న కనూలు వేసుకుని తెడ్లతోనే దాటేస్తుంటారు. మధ్యలో ఇంజిన్ ఆగిపోతుంది, గాలి రాళ్లవైపు తోసేస్తుంది, కనూ తిరగబడుతుంది. అప్పుడు ఫోన్ వెళ్లేది కోస్ట్‌గార్డ్‌కి. అక్కణ్నుంచి ఈ స్టేషన్‌కి. వెంటనే పేజర్లు మోగుతాయి.

పేజర్ అంటే మీలో చాలామంది చూసి ఉండరు. సెల్‌ఫోన్లు రాకముందు డాక్టర్ల బెల్టుకి వేలాడిన చిన్న డబ్బా. లైఫ్‌బోట్ వాలంటీర్లు ఇప్పటికీ దాన్నే నమ్ముకున్నారు. అది మోగినప్పుడు ఒకాయన షాపులో బిల్లు కొడుతూ ఉండొచ్చు, ఒకావిడ పిల్లలకి అన్నం పెడుతూ ఉండొచ్చు. అన్నీ అక్కడే వదిలేసి పరుగు. ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రైసూట్, దాని మీద లైఫ్‌జాకెట్, హెల్మెట్. ముగ్గురు, నలుగురు ఎక్కితే పడవ బయల్దేరుతుంది. అట్లాంటిక్ 85 అనే ఈ రకం బోటు 35 నాట్లు, అంటే గంటకి 65 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. తలకిందులైనా బ్యాగులో గాలి నింపి మళ్లీ నిలబెట్టుకోవచ్చు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఒకటుంది. వీళ్లలో పదిమందికి ఒక్కరే ఓడల పని తెలిసి చేరేవాళ్లని ఆ సంస్థే చెబుతుంది. మిగతావాళ్లంతా మామూలు ఊరి జనం. నావికుడి కొడుకే నావికుడు కావాలనేం లేదు, నేర్పిస్తారు. ఊళ్లోనే వారం వారం ప్రాక్టీసు ఉంటుంది. ఇంగ్లండ్‌లో పూల్ అనే చోట వాళ్ల కాలేజీ కూడా ఉంది. అక్కడ కొలనులో అలలు పుట్టించి, లైట్లు ఆర్పేసి, తిరగబడ్డ పడవ కింది నుంచి బయటికి రావడం నేర్పుతారు. నడిచేదంతా చందాల మీద, చనిపోయినవాళ్లు వీలునామాలో రాసిచ్చిన డబ్బు మీద.

సరే, పడవ ఎంత ఫాస్ట్‌గా ఉన్నా పేజర్ మోగడానికీ పడవ మీ పక్కకి రావడానికీ మధ్య కొన్ని నిమిషాలు పడతాయి. ఆ నిమిషాల్లో నీళ్లలో ఉన్నది మీరొక్కరే. ఈ వ్యాసం రాయాలనిపించింది దాని గురించే.

2024 ఏప్రిల్‌లో, చదువుల కోసం స్కాట్లాండ్ వెళ్లిన ఇద్దరు తెలుగు కుర్రాళ్లు లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర నీళ్లలో పడి చనిపోయారు. మొత్తం నలుగురు ఫ్రెండ్స్ సరదాగా ట్రెక్కింగ్‌కి వెళ్లారు. అది లాక్ నెస్‌కి దక్షిణాన వేరే చోటు, ఈ పడవ తిరిగే నీళ్లు కావు. అయినా ఆ వార్త చూడగానే మా నలుగురి బస్సు ప్రయాణం గుర్తొచ్చింది. మా పాత వాట్సాప్ గ్రూప్‌లో ఆ రోజు ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. ఒకడు మాత్రం, "మనకి చలి అంటే స్వెట్టరే రా, నీళ్లకి చలి ఉంటుందని ఎవరు చెప్పారు?" అని పెట్టాడు.

నిజమే. మనం ఈత నేర్చుకున్నది బావిలో, కాలవలో, వేసవి సెలవుల్లో. ఆ నీళ్లు ఒంటికి హాయి. స్కాట్లాండ్ నీళ్లు అలా కాదు. లాక్ నెస్ లోతుల్లో ఏడాది పొడవునా 5, 6 డిగ్రీలే. పైన ఎండ కాస్తున్నా అంతే. 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని గట్టిగా ఊపిరి లాగేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి వెళ్లేది నీళ్లే. గుండె పరుగెడుతుంది, ఊపిరి అదుపు తప్పుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లకీ ఇంతే. దీన్నే కోల్డ్ వాటర్ షాక్ అంటారు. పోర్ట్స్‌మత్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ మైక్ టిప్టన్ దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

మంచి మాటేంటంటే, ఆ షాక్ ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. అప్పటిదాకా ఈదకూడదు. వినడానికి వింతగా ఉంది కదా? పడగానే చేతులు కొట్టుకుంటూ ఒడ్డుకి ఈదాలనే అనిపిస్తుంది. ఆర్ఎన్ఎల్ఐ వాళ్లు చెప్పేది దానికి పూర్తిగా రివర్స్: తేలండి. తల వెనక్కి వాల్చాలి, చెవులు నీళ్లలో మునిగినా పర్లేదు. ఒళ్లు వదులు చేసి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. చేతులు మెల్లగా ఆడిస్తే చాలు. కాళ్లు కిందికి దిగిపోతుంటే కంగారు పడొద్దు, ఒక్కొక్కరు ఒక్కోలా తేలతారు. ఊపిరి అదుపులోకొచ్చాక కేక వేయొచ్చు, దగ్గరుంటే ఈదొచ్చు. ఇది స్విమ్మింగ్ పూల్‌లో ఒకసారి ట్రై చేసి చూడండి. నాకు మూడోసారికి కుదిరింది, చెవుల్లోకి నీళ్లు వెళ్తుంటే ఒళ్లు వదులు చేయడం అంత ఈజీ ఏం కాదు.

ఇలాంటి వాలంటీర్లు మనకి లేరా అంటే, ఉన్నారు, పేజర్లే లేవు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట పడవ మునిగినప్పుడు 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లని చాలావరకు ఒడ్డుకి చేర్చింది తూటుగుంట గ్రామస్తులు, తమ సొంత పడవల్లో. ట్రైనింగ్ లేదు, డ్రైసూట్ లేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. ప్రతి నది ఒడ్డునా, చెరువు గట్టునా జాలర్లు, గజ ఈతగాళ్లు అలాగే దూకుతున్నారు. వాళ్లకి మంచి లైఫ్‌జాకెట్టూ, కబురందే పద్ధతీ ఉంటే ఎలా ఉండేదో అని నాకు కోపమే వస్తుంది. ధైర్యం ఎప్పుడూ ఫ్రీగా దొరుకుతుందనే లెక్క మనది.

యూకేలో ఉన్నవాళ్లకి, వెళ్లబోతున్నవాళ్లకి రెండు పనికొచ్చే సంగతులు. ఫ్రెండ్ నీళ్లలో పడితే వెంటనే దూకకండి, ఆ షాక్ మీకూ తగులుతుంది. తేలమని అరవండి, తాడో, ఒడ్డున వేలాడే రింగో విసరండి. 999కి కొట్టి, లాక్ నెస్‌లోనైతే కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. ఎక్కడున్నారో చెప్పలేకపోతే వాట్‌త్రీవర్డ్స్ యాప్ తెరిస్తే మూడు మాటలు కనిపిస్తాయి, అవి చదివి వినిపిస్తే చాలు. బయల్దేరే ముందే దించుకోండి. కొండల్లో నెట్ లేకపోయినా జీపీఎస్‌తో పనిచేస్తుంది.